పిల్లల ఐస్ హాకీ సామాను: ఎలా కొలవాలి, ఎలా తొడగాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి

మా చిన్నది హాకీలో చేరిన ఏడాది నేను చేసిన తప్పు మన ఇళ్లలో అందరం చేసేదే. "పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది కొందాం, రెండేళ్లు వస్తుంది." పట్టులంగా కుట్టించేటప్పుడు లోపల మడత పెట్టించినట్టే హెల్మెట్ కూడా కొన్నాను. మిస్సిసాగాలో (కెనడాలోని ఒంటారియో రాష్ట్రం) మూడో ప్రాక్టీసు రోజు రింక్ గ్లాసు ఇవతల నిలబడి చూస్తే విషయం అర్థమైంది. పక్ (స్టిక్‌తో కొట్టే రబ్బరు బిళ్ల) కోసం వంగిన ప్రతిసారీ హెల్మెట్ కళ్ల మీదికి జారుతోంది. పిల్ల ఒక చేత్తో కేజ్‌ని (ముఖానికి అడ్డుగా ఉండే కమ్మీల జాలీ) పైకి నెట్టుకుంటూ, ఇంకో చేత్తో స్టిక్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అలాగే వెళ్లి బోర్డును (రింక్ చుట్టూ ఉండే గోడ) గుద్దుకుంది. అదృష్టం, భుజం కమిలిందంతే.

ఇంటికొచ్చాక బ్యాగు మొత్తం కింద పరిచి ఒక్కొక్కటీ తొడిగి చూశాను. సగం సామాను ఇప్పటి పిల్లకి కాదు, వచ్చే ఏడాది పిల్లకి కొన్నాను.

ఒంటారియోలో పిల్లల్ని కొత్తగా హాకీలో వేస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమెరికాలో ఉన్నవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది, నిబంధన మారే చోట చెబుతాను. గోలీ (గోల్ కాసేవాళ్లు) సామాను జోలికి మాత్రం పోవడం లేదు, అది వేరే లోకం.

ముందు: ఏది కొత్తది కొనాలి, ఏది పాతదైనా పర్లేదు

హెల్మెట్, మెడ గార్డు, మౌత్‌గార్డు, జాక్ లేదా జిల్ (నడుము కింద రక్షణకి వేసే కప్పు), ఈ నాలుగూ కొత్తవే కొనండి. మిగతావి, అంటే షిన్ ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు, షోల్డర్ ప్యాడ్లు, హాకీ ప్యాంటు, గ్లవ్స్, వాడినవి తీసుకోవచ్చు. పిల్లల సామాను అరగకముందే పొట్టిదైపోతుంది కాబట్టి ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి చోట్ల మంచివే దొరుకుతాయి. గ్లవ్స్ అరచేతి వైపు చిరుగు ఉందేమో చూసుకోండి. చిరుగులోంచి వేలు బయటికి వస్తే స్టిక్ దెబ్బ నేరుగా ఆ వేలికే.

వాడిన హెల్మెట్ ఎందుకు వద్దంటే, అది ఇంతకుముందు ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనబడదు. లోపలి ఫోమ్ గట్టిపడి ఉండొచ్చు, సన్నని పగులు ఉండొచ్చు. చుట్టాలబ్బాయిది ఉచితంగా వచ్చినా సరే, పక్కన పెట్టండి.

హెల్మెట్

కెనడాలో హెల్మెట్ మీదా, కేజ్ మీదా సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) స్టిక్కర్ ఉండాలి. అమెరికాలో హెచ్ఈసీసీ (హాకీ సామానుకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) లేబుల్ చూడాలి. లేబుల్ మీది తేదీ కూడా చూసుకోండి. హెల్మెట్‌కి రంగులు వేయడం, రంధ్రాలు పెట్టడం కుదరదు.

సైజు ఇలా చూడండి. పిల్ల తల నిటారుగా పెట్టి ముందుకు చూస్తుండగా హెల్మెట్ అంచుకీ కనుబొమలకీ మధ్య ఒక్క వేలి వెడల్పు ఉండాలి. గడ్డం పట్టీ పెట్టకుండానే హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్దదన్నమాట. తర్వాత పట్టీ బిగించి, గడ్డం కింద ఒక వేలు పట్టేంత సందు ఉంచండి. కేజ్ అడుగున ఉండే కప్పు గడ్డానికి ఆనుకుని ఉండాలి. రెండు పక్కలా క్లిప్పులు పెట్టండి. ఒకటి పెట్టి రెండోది వదిలేసి ఐస్ మీదికి పరిగెత్తే పిల్లల్ని ప్రతి వారం చూస్తుంటాను.

మన ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. జుట్టు ఒత్తుగా ఉంటుంది కదా, నడినెత్తిన ముడి పెడితే హెల్మెట్ దాని మీద గొడుగులా కూర్చుంటుంది. మెడ దగ్గర కిందికి ఒంటిజడ వేయండి, అప్పుడు సైజు చూడండి. దిద్దులు, మెడలో గొలుసు, దిష్టి తాడు అన్నీ ఇంట్లోనే తీసేయండి. చలి వేస్తుందని హెల్మెట్ లోపల ఉన్ని టోపీ పెట్టొద్దు.

ముఖానికి పూర్తి కేజ్ ఉండాలన్న నియమం ఊరికే రాలేదు. టొరంటో కంటి డాక్టరు టామ్ పాష్బీ 1970లలో హాకీలో కళ్లు పోగొట్టుకున్న వాళ్ల లెక్కలు తీసి, ఏళ్ల తరబడి వెంటపడితే ఆ దశకం చివర్లో కెనడా పిల్లల హాకీలో అది తప్పనిసరైంది. టీవీలో ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) వాళ్లు సగం గాజు వైజర్‌తో ఆడుతుంటే మీవాడు తనకీ అదే కావాలంటాడు. కుదరదని చెప్పండి.

ఒక్కటి మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, కంకషన్‌ని ఆపలేదు. తల గట్టిగా కుదుపుకి గురైనప్పుడు లోపల మెదడు కదలడం వల్ల వచ్చేది అది. దాన్ని పూర్తిగా ఆపే హెల్మెట్ ఇంతవరకూ లేదు. వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లు 2015 నుంచి హాకీ హెల్మెట్లకి స్టార్లు ఇస్తున్నారు. రెండిట్లో ఏది కొనాలో తేల్చుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ ఐదు స్టార్లదైనా వదులుగా ఉంటే, సరిగ్గా కూర్చున్న మామూలు హెల్మెట్‌నే నేను ఎంచుకుంటాను.

స్కేట్లు

"ఒక సైజు పెద్దది" అనే మన అలవాటు ఎక్కువ దెబ్బ తీసేది ఇక్కడే. హాకీ స్కేట్ సైజు మామూలు బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. షాపులో ఇలా చూడండి: లేసులు వదులు చేసి, కాలు లోపల పెట్టి, వేళ్లు చివర తగిలేదాకా ముందుకు నెట్టమనండి. అప్పుడు మడమ వెనక ఒక పెన్సిల్ పట్టాలి. మీ చూపుడువేలు హాయిగా దూరిపోతే పెద్దది. తర్వాత మడమను రెండుసార్లు నేలకేసి తట్టించి వెనక్కి కూర్చోబెట్టి లేసులు కట్టండి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు భాగాన్ని రాసుకుంటూ ఉండాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి.

"మా అబ్బాయి చీలమండలు వీక్ అండీ, లోపలికి వంగిపోతున్నాయి" అని రింక్‌లో చాలామంది అంటుంటారు. చాలాసార్లు చీలమండ తప్పేమీ ఉండదు. స్కేట్ పెద్దదై ఉంటుంది, లేదా లేసు సరిగ్గా బిగించి ఉండరు. వేళ్ల దగ్గర కాస్త వదులుగా, మడమ ఒంపు దగ్గర గట్టిగా, పైన మళ్లీ కాలు ముందుకు వంగేంతగా బిగించాలి. మిగిలిన లేసుని చీలమండ చుట్టూ తిప్పి కట్టొద్దు. రోజూ అలా కడితే కాలు ముందరి టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీలు) ఒరుసుకుని వాస్తాయి, దాన్నే ఇక్కడివాళ్లు లేస్ బైట్ అంటారు.

ఇంకో సంగతి. కొత్త స్కేట్లకి పదును ఉండదు. మేము కొన్న షాపులో ఆ మాట ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు. మొదటి రోజు మా చిన్నది ఐస్ మీద నిలబడలేక, పెనం మీద వెన్నముద్దలా ఎటు పడితే అటు జారిపోయింది. భయపడిందనుకుని నేను "ధైర్యం, ధైర్యం" అని అరుస్తున్నాను. పక్కనున్న ఒక పెద్దాయన వచ్చి బ్లేడు మీద గోరు గీసి చూసి నవ్వాడు. పదును పెట్టించేటప్పుడు పిల్లలకి సాధారణంగా అర అంగుళం హాలోతో (బ్లేడు అడుగున రెండు అంచుల మధ్య తీసే గాడి వంపు) మొదలుపెడతారు. 3/8 అంగుళం అడిగితే బ్లేడు ఐస్‌ని ఎక్కువ పట్టేస్తుంది, ఆగడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు దాంతో తడబడతారు.

మెడ

చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. 2023 అక్టోబరు 28న ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆట మధ్యలో ప్రత్యర్థి స్కేట్ బ్లేడు తగిలి ఆడమ్ జాన్సన్ అనే 29 ఏళ్ల ఆటగాడు చనిపోయాడు. మెడ గార్డు సంగతి అందరికీ పట్టింది అప్పుడే. అమెరికాలో యూఎస్ఏ హాకీ (అక్కడి హాకీ సంఘం) 2024 ఆగస్టు 1 నుంచి పిల్లలందరికీ దాన్ని తప్పనిసరి చేసింది. కెనడా పిల్లల హాకీలో ఆ నియమం ఎప్పట్నుంచో ఉంది. ఇక్కడ దాని మీద బీఎన్‌క్యూ (క్యూబెక్ ప్రమాణాల సంస్థ) ముద్ర ఉండాలి. అది కనబడకపోతే రెఫరీ బయటికి పంపొచ్చు.

రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మెడచుట్టూ పట్టీలా ఉంటుంది, రెండోది కింద ఛాతీ మీదికి బిబ్ కూడా ఉంటుంది. నా ఓటు బిబ్ ఉన్నదానికే, జారిపోదు. దాన్ని షోల్డర్ ప్యాడ్ల కిందికి పెట్టండి. "గొంతు పట్టేస్తోంది" అని పిల్లలు వెల్‌క్రో సగం ఊడదీస్తారు. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు రోజూ పావుగంట పెట్టించండి, వారంలో అలవాటవుతుంది. కత్తిరించడం, మడిచి కుట్టడం లాంటివి చేస్తే ముద్ర ఉన్నా చెల్లదు.

బ్లేడు కోతలు మెడకే కాదు, మణికట్టుకీ, మడమ వెనకా తగులుతాయి. 2013 ఫిబ్రవరిలో ఒట్టావా ఆటగాడు ఎరిక్ కార్ల్‌సన్‌కి మడమ వెనక అకిలీస్ టెండన్ అలాగే తెగింది. కోతకి తట్టుకునే మేజోళ్లు వస్తున్నాయి, డబ్బు మిగిలితే కొనండి.

సందులు వెతకండి

మిగతా ప్యాడ్లకి విడివిడిగా సైజు చూడటం కంటే అన్నీ తొడిగాక వాటి మధ్య సందులు చూడటం ముఖ్యం. పక్ వచ్చి తగిలేది ప్యాడు మీదే అని ఎవరూ రాసివ్వలేదు.

షిన్ ప్యాడుని అంగుళాల్లో కొలుస్తారు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి చిప్ప మధ్య నుంచి స్కేట్ పై అంచు దాకా టేపు పెట్టండి. ప్యాడులోని గుంట సరిగ్గా మోకాలి చిప్ప మీద కూర్చోవాలి. పొడవెక్కువైతే అడుగు వేసిన ప్రతిసారీ స్కేట్ దాన్ని పైకి నెడుతుంది, ప్యాడు పక్కకి తిరిగిపోతుంది, పిక్క బయటపడుతుంది. హాకీ ప్యాంటు కింది అంచు షిన్ ప్యాడు పై భాగాన్ని కాస్త కప్పాలి. ప్యాంటు వెనక గట్టి ముక్క ఒకటి ఉంటుంది, అది తోక ఎముక మీద ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడేది వెనక్కే.

షోల్డర్ ప్యాడ్ల టోపీలు భుజం మూల మీద కూర్చోవాలి, కిందికి జారితే చెయ్యి ఎత్తలేరు. ఎల్బో ప్యాడు పై అంచు భుజం ప్యాడు చివరికి, కింది అంచు గ్లవ్ అంచుకి చేరాలి. మణికట్టు దగ్గర రెండు వేళ్ల వెడల్పు చర్మం కనబడిందంటే సరిగ్గా అక్కడే స్టిక్ దెబ్బ తగులుతుంది. మా ఇంట్లో తగిలింది. మణికట్టు ఎముక విరగలేదు కానీ నెల రోజులు నా చేత కోపంగా మసాజు చేయించుకుంది.

అన్నీ అయ్యాక పిల్లని చేతులు పైకెత్తమనండి, వంగి కాలివేళ్లు తాకమనండి, మోకాళ్ల మీద కూర్చోమనండి. ఎక్కడైనా చర్మమో టీషర్టో బయటపడితే ఆ సందుని సరిచేయండి.

మౌత్‌గార్డు ఖర్చు తక్కువ. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికించే రకం చాలు. పళ్లకి క్లిప్పులు ఉంటే మాత్రం డెంటిస్టుని అడగండి. నములుతూ తిరిగితే రెండు వారాల్లో పోతుంది, రెండోది బ్యాగులో ఉంచుకోండి. తప్పనిసరో కాదో మీ లీగ్ నిబంధనల్లో ఉంటుంది. నేనైతే తప్పనిసరి కాకపోయినా పెట్టిస్తాను.

తొడిగే వరుస

గది చిన్నది, ఇరవై మంది పిల్లలు, పది నిమిషాల టైము, చెమట వాసన. వరుస తెలియకపోతే స్కేట్లు కట్టేశాక ప్యాంటు గుర్తొస్తుంది, మళ్లీ మొదటికి. ఇంట్లోంచే లోపలి బట్టలు, జాక్ లేదా జిల్ వేసి తీసుకెళ్లండి. అక్కడ షిన్ ప్యాడ్లు, వాటి మీద హాకీ సాక్సు, సాక్సు జారకుండా చుట్టూ టేపు, తర్వాత ప్యాంటు, ఆపైన స్కేట్లు. తర్వాత మెడ గార్డు, షోల్డర్ ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు, జెర్సీ. చివర్లో హెల్మెట్, మౌత్‌గార్డు, గ్లవ్స్. పిల్లలు ఏడెనిమిదేళ్లు వచ్చాక లేసులు తప్ప మిగతావన్నీ వాళ్ల చేతే వేయించండి. లేసులు మాత్రం ఇంకొన్నేళ్లు మన నడుము నొప్పే.

బోర్డుల దగ్గర ఎలా ఉండాలో ఇంట్లోనే నేర్పండి

సామానుతో కాని పని ఒకటుంది. 1995 అక్టోబరులో బోస్టన్ యూనివర్సిటీ తరఫున మొదటి మ్యాచ్ ఆడుతున్న ట్రావిస్ రాయ్, ఐస్ మీదికి దిగిన 11 సెకన్లకే బోర్డుకి తల గుద్దుకుని, మెడ ఎముక విరిగి పక్షవాతానికి గురయ్యాడు. వయసు 20. హెల్మెట్ ఉంది, సామానంతా ఉంది.

మెడకి సహజంగా ఉండే ఒంపు దెబ్బని కొంత మింగుతుంది. తల కిందికి దించి గుద్దితే ఆ ఒంపు పోయి మెడ నిటారు కర్రలా అవుతుంది, బలమంతా ఎముకల మీదే పడుతుంది. అందుకే కోచ్‌లు "తల ఎత్తు, వంచకు" అని పదేపదే అరుస్తారు. భయమేస్తే తల దించుకోవడమే ఎవరైనా చేసే పని కాబట్టి దీన్ని అలవాటు చేయాలి. మా ఇంట్లో కారిడార్‌లో గోడ వైపు నడిపిస్తూ నేర్పాను: నేరుగా కాదు, ఏటవాలుగా వెళ్లు, గోడకి ముందు చెయ్యి, మోచెయ్యి, భుజం తగలాలి, కళ్లు మాత్రం పైకే. పదిసార్లు నవ్వుకుంటూ చేసింది. ఐస్ మీద కూడా పక్ గోడ పక్కన ఉంటే గోడకి మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోవద్దని చెప్పండి. అక్కడ వెనక నుంచి తగిలితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గోడ దగ్గరికి పూర్తిగా వెళ్లిపోవడమే మేలు.

బాడీ చెకింగ్ (పక్ ఉన్న ఆటగాణ్ని ఒంటితో గుద్ది ఆపడం) గురించి టెన్షన్ పడేవాళ్లకి: అమెరికాలో 2011లో, కెనడాలో 2013లో 11, 12 ఏళ్ల స్థాయి నుంచి దాన్ని తీసేశారు. కాల్గరీ యూనివర్సిటీ పరిశోధకులు, ఆ వయసులో చెకింగ్ ఉన్న ఆల్బర్టా పిల్లల్నీ, లేని క్యూబెక్ పిల్లల్నీ పోల్చి చూస్తే ఆల్బర్టాలో దెబ్బలు మూడు రెట్లకి పైగా ఉన్నాయి. ఆ తర్వాత వయసులో పై స్థాయి జట్టుకి వెళ్తారా, చెకింగ్ లేని హౌస్ లీగ్‌లో ఉంటారా అనేది మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. మేము ఇంకా తేల్చుకోలేదు.

దెబ్బ తగిలితే

పిల్ల లేవకుండా పడి ఉంటే మనం ఐస్ మీదికి పరిగెత్తకూడదు. ఒంటారియోలో ప్రతి జట్టుకీ బెంచీ మీద ట్రెయినర్ (దెబ్బలు తగిలితే చూసే మనిషి) ఉంటారు, వాళ్లు వెళ్తారు. మెడ నొప్పి అంటే, కాళ్లూ చేతులూ తిమ్మిరి అంటే కదపకూడదు, హెల్మెట్ తీయకూడదు. తోటి పిల్లలు చెయ్యి పట్టి లాగి లేపడం కూడా వద్దు. 911కి ఫోన్ చేయాలి.

తలకి దెబ్బ తగిలి లేచి నిలబడిందనుకోండి. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేటట్టుండటం, వెలుతురు చూడలేకపోవడం, "ఇప్పుడు ఏ పీరియడ్?" (ఆటలో ఎన్నో భాగం) అంటే తికమకపడటం, ఊరికే ఏడవడం, వీటిలో ఒక్కటున్నా ఆ రోజు ఆట అయిపోయినట్టే. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చాలామందికి స్పృహ తప్పదు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా రావొచ్చు. "ఫైనల్ కదా, ఇంకో షిఫ్ట్ ఆడి దిగుతుంది" అని కోచ్ అన్నా, పిల్లే ఏడ్చినా ఒప్పుకోవద్దు.

ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల అమ్మాయి 2013లో రగ్బీ ఆడుతూ, మొదటి దెబ్బ మానకముందే మళ్లీ తల దెబ్బలు తిని చనిపోయింది. 2018లో ఒంటారియో చేసిన రోవన్స్ లా ఆమె పేరు మీదే వచ్చింది. ఏటా రిజిస్ట్రేషన్ ముందు కంకషన్ గురించిన పాఠం చదివి ఒప్పుకోమని తల్లిదండ్రుల్ని అడుగుతారే, అది ఈ చట్టం కిందే. చదవకుండా టిక్కు పెట్టేస్తుంటాం. పది నిమిషాలు పడుతుంది, చదవండి.

ఇంటికొచ్చాక వాంతులు ఆగకుండా అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మూర్ఛ వచ్చినా, రెండు రెండుగా కనబడుతున్నా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి. అలాంటివేమీ లేకపోతే మొదటి కొన్ని గంటలు ఒంటరిగా వదలకుండా చూస్తూ, మర్నాడే డాక్టరుకి చూపించండి. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒకసారి ఇలాగే జరిగితే అమృతాంజనం రాసి పడుకోబెట్టబోయింది. బామ్మ ప్రేమ సరే, బాగా రాయనిచ్చాను, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాను.

తిరిగి ఆడటానికి తొందరపడొద్దు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, కానీ చీకటి గదిలో బంధించనక్కర్లేదు, ఇంట్లో మామూలుగా తిరగొచ్చు. తర్వాత నడక, తర్వాత ఒంటరిగా తేలిక స్కేటింగు, తర్వాత ఎవరూ తగలని ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. లక్షణాలు పెరిగితే ఒక మెట్టు వెనక్కి. బడికి పూర్తిగా వెళ్లగలిగాకే ఆట మాట. ఎవరైనా తగిలే ప్రాక్టీసుకి ముందు డాక్టరో నర్స్ ప్రాక్టిషనరో రాసిచ్చిన కాగితం ఉండాలి.

బ్లేడు కోత అయితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవడమే మొదటి పని, చేయి తీసి తీసి చూడొద్దు. శాశ్వతమైన పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా తెల్ల భాగం పట్టుకుని పాలలో వేసి అరగంటలోపు డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. రింక్ కాంటీన్‌లో పాలు దొరుకుతాయి, అడగడానికి మొహమాటపడొద్దు. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. బోర్డు పక్కన పడి భుజం పట్టుకుని చేయి ఎత్తలేకపోతే కాలర్ ఎముక విరిగి ఉండొచ్చు, చేతిని ఒంటికి ఆనించి కట్టి ఎక్స్‌రేకి తీసుకెళ్లండి.

బ్యాగు

తడి సామానుని బ్యాగులోనే వదిలేస్తే వాసనతోపాటు చర్మం మీద కురుపులు వస్తాయి, ప్యాడ్ల కింద గీరుకున్న చోట ఇంకా తొందరగా. ఇంటికి రాగానే గరాజ్‌లో తాడు కట్టి ఆరేయండి. స్కేట్ బ్లేడ్లు గుడ్డతో తుడిచి, గట్టి ప్లాస్టిక్ తొడుగు తీసి మెత్తటి గుడ్డ తొడుగు వేయండి, లేకపోతే తుప్పు. బయట మైనస్ పదిహేను ఉన్నప్పుడు కారు డిక్కీలో రాత్రంతా వదలొద్దు. పొద్దున ఆ గ్లవ్స్‌లో చెయ్యి పెట్టిన పిల్ల మీ వంక చూసే చూపు నేను చూశాను.

క్రిస్మస్ సెలవుల్లో ఒకసారి మళ్లీ టేపు తీయండి. సెప్టెంబరులో సరిపోయిన షిన్ ప్యాడు జనవరికి అంగుళం పొట్టిదై ఉంటుంది. ఈసారి ఆ అంగుళం మాత్రమే పెద్దది కొనండి.